ఫంగస్ మందు పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది?

పాఠకుల ప్రశ్నలు – నిపుణుల జవాబులు

కీమోథెరపీతో రక్తకణాలు పడిపోయినవాళ్లు, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు, ఎక్కువ కాలం స్టెరాయిడ్లు వాడినవాళ్లు ఫంగస్ బారిన పడితే మందు మొదలుపెట్టడంతో పని అయిపోదు. అది పనిచేస్తోందా లేదా అని కనిపెట్టుకుని ఉండటం అంతకన్నా పెద్ద పని. ఈసారి హైదరాబాద్ పాఠకుల నుంచి ఈ విషయం మీదే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. జవాబుల్లో ఇచ్చిన మోతాదులు, స్థాయులు పెద్దవాళ్లవి. పిల్లలకు వేరే లెక్క ఉంటుంది.

ప్రశ్న: మావారికి అక్యూట్ మైలాయిడ్ లుకేమియా. మొదటి కీమో తర్వాత కౌంట్ పడిపోయి జ్వరం వస్తే సీటీ తీశారు. కుడి ఊపిరితిత్తిలో ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్ ఉందన్నారు. వొరికొనజోల్ మొదలై ఎనిమిది రోజులైంది. జ్వరం తగ్గింది, అన్నం తింటున్నారు. కానీ నిన్నటి సీటీలో మచ్చ 2 సెంటీమీటర్ల నుంచి 3.5 సెంటీమీటర్లకు పెరిగిందని రాశారు. మందు మార్చమని డాక్టర్‌ను అడగాలా?
– ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: ఆ ఒక్క రిపోర్టు పట్టుకుని అడగకండి. కౌంట్ (న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాల సంఖ్య) పడిపోయిన రోగికి సరైన మందే పడుతున్నా, మొదటి వారంలో సీటీలో మచ్చ పెరగడం మామూలే. ఒక్కోసారి దాని ఘనపరిమాణం మూడు నాలుగు రెట్లు కూడా అవుతుంది. రెండో వారంలో దాదాపు అక్కడే ఆగి, ఆ తర్వాత చిన్నదవుతూ వస్తుంది.

ఆస్పర్‌జిల్లస్ రక్తనాళాల్లోకి చొచ్చుకుపోయి వాటిని మూసేస్తుంది. నెత్తురు అందక ఆ ముక్క చచ్చిపోతుంది, చుట్టూ కాస్త రక్తం ఊరుతుంది. సీటీలో తెల్లగా కనిపించేది ఫంగస్ ఒక్కటే కాదు, చచ్చిన కండ, ఊరిన రక్తం, వాపు అన్నీ కలిసి ఉంటాయి. పైగా న్యూట్రోఫిల్స్ తిరిగి పుట్టగానే నేరుగా అక్కడికే వెళ్లి గుమిగూడతాయి, దాంతో వాపు ఇంకాస్త పెరుగుతుంది. అందుకే మచ్చ సైజును బట్టి ఫంగస్ ఎంత ఉందో చెప్పలేం. చికిత్స మొదలయ్యాక కనీసం రెండు వారాలు ఆగి మళ్లీ సీటీ తీయాలన్న నియమం ఇందుకే పెట్టారు. ఎనిమిదో రోజు సీటీకి వేరే కారణం ఉంటే సరే, మామూలుగా తీసిందైతే దానితో మందు గురించి తీర్పు చెప్పకూడదు.

రిపోర్టులో జనాన్ని భయపెట్టే మాట ఇంకోటుంది, కావిటీ. మచ్చ లోపల నెలవంక ఆకారంలో గాలి కనిపించిందని రాస్తారు. చచ్చిన ముక్క చుట్టుపక్కల కండ నుంచి విడిపోతే ఆ సందులో గాలి చేరుతుంది. ఇది ఎక్కువగా కౌంట్ లేస్తున్న రోజుల్లోనే కనిపిస్తుంది కాబట్టి చాలావరకు మంచి సూచనే. అయితే రక్తం పడే ప్రమాదం కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే ఎక్కువ. మచ్చ పెద్ద రక్తనాళాల దగ్గర ఉంటే మరీను. కళ్లెలో రక్తపు చార కనిపించినా వార్డుకు ఫోన్ చేయాలి. గుక్కెడు రక్తం పడితే అర్ధరాత్రైనా ఎమర్జెన్సీకి వెళ్లాలి. ప్లేట్‌లెట్ల సంఖ్య ఎంతో ఇంట్లో ఒకరికి గుర్తుండాలి, అక్కడ ముందు అడిగేది అదే.

మరి మందు పనిచేయడం లేదని ఎప్పుడు అనుకోవాలి? పాత మచ్చ పెద్దదవడం కన్నా కొత్తచోట కొత్త మచ్చ రావడం బలమైన సాక్ష్యం. అవతలి ఊపిరితిత్తిలో, సైనస్‌లో, మెదడులో ఏదైనా కొత్తగా కనిపించినా, ఆక్సిజన్ పడిపోతున్నా, తగ్గిన జ్వరం తిరగబెట్టినా, రెండు వారాలు దాటి కౌంట్ లేచాక కూడా మచ్చ పెరుగుతూనే ఉన్నా ఆలోచించాల్సిందే. అప్పుడైనా మొదట చేయాల్సింది మందు మార్చడం కాదు. రక్తంలో మందు స్థాయి చూడాలి. వొరికొనజోల్‌కు లొంగని మ్యూకర్ (బ్లాక్ ఫంగస్) లాంటి మరో ఫంగస్ కలిసి ఉందేమో, పైన బ్యాక్టీరియా చేరిందేమో వెతకాలి. రోగనిరోధక శక్తి తిరిగొస్తున్నందువల్ల వచ్చిన వాపేమో కూడా ఆలోచించాలి. ఇవేవీ చూడకుండా మందు మారిస్తే రెండో మందు దగ్గరా ఇదే అయోమయం మొదలవుతుంది.

తర్వాతి సీటీకి వెళ్లేటప్పుడు పాత రిపోర్టు కాగితం కాకుండా పాత సీడీ పట్టుకెళ్లండి. వీలైతే అదే సెంటర్‌లో, అదే మిషన్ మీద తీయించండి. ఒకచోట 1 మిల్లీమీటరు మందంతో, ఇంకోచోట 5 మిల్లీమీటర్లతో తీస్తే చిన్న మచ్చ ఒకదాంట్లో కనిపించి మరోదాంట్లో కనిపించకపోవచ్చు.

ప్రశ్న: మా అన్నయ్యకు బోన్‌మ్యారో మార్పిడి అయింది. గెలాక్టోమానన్ మొదట 2.4 వచ్చింది, వారం తర్వాత 1.3. మరో నాలుగు రోజులకు వేరే ల్యాబ్‌లో 1.6 వచ్చింది. జబ్బు తిరగబెట్టినట్టా?
– ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: ల్యాబ్ మారింది కాబట్టి 1.3కీ 1.6కీ పోలిక పెట్టకండి. గెలాక్టోమానన్ అంటే ఆస్పర్‌జిల్లస్ గోడ నుంచి రక్తంలోకి చేరే పదార్థం. దాని పరీక్షలో వచ్చేది షుగర్‌లా ఇన్ని మిల్లీగ్రాములని కొలిచే సంఖ్య కాదు. రోగి నమూనాలో రంగు ఎంత వచ్చింది, ప్రామాణిక నమూనాలో ఎంత వచ్చింది అన్న నిష్పత్తి. కిట్ మారినా, బ్యాచ్ మారినా కొంత అటూ ఇటూ అవుతుంది. మొదటి ల్యాబ్‌లోనే ఇంకోసారి చేయించి, అక్కడ కూడా వరసగా రెండుసార్లు పెరిగితే అప్పుడు గట్టిగా పట్టించుకోవాలి.

ఇక 2.4 నుంచి 1.3కి దిగడం అంటే ఒక్క వారంలో 45 శాతం పైగా తగ్గినట్టు. మొదటి వారంలో 35 శాతం కన్నా ఎక్కువ తగ్గినవాళ్లు చికిత్సకు బాగా స్పందించినట్టు అధ్యయనాల్లో తేలింది. అది మీకు అనుకూలమైన లెక్క. రక్తంలో 0.5 కన్నా తక్కువకు వచ్చి అక్కడే నిలవాలి. వారానికి ఒకటి రెండుసార్లు చూస్తే చాలు, రోజూ చేయిస్తే డబ్బు దండగ.

ఈ పరీక్షతో జబ్బును వెంటాడటం బ్లడ్ క్యాన్సర్, బోన్‌మ్యారో మార్పిడి రోగుల్లోనే బాగా పనికొస్తుంది, అదీ మొదట్లో పాజిటివ్ వచ్చినవాళ్లలో. మొదట్లోనే నెగటివ్ ఉన్నవాళ్లకు ప్రతి వారం నెగటివ్ వచ్చినంత మాత్రాన మందు పనిచేస్తున్నట్టు కాదు. బూజును అణిచే మందు ముందునుంచే వాడుతున్నా ఫలితం తక్కువ చూపిస్తుంది. గ్లూకొనేట్ ఉన్న కొన్ని సెలైన్లు ఎక్కించినా, కీమోతో పేగు పొర దెబ్బతిన్నా అబద్ధపు పాజిటివ్ రావచ్చు. రక్తం తీసే ముందు ఏ సీసా ఎక్కిందో నర్సును అడిగి రాసిపెట్టుకోండి.

ఇలాంటిదే ఇంకో రక్తపరీక్ష బీటా డి గ్లూకాన్, చాలా రకాల ఫంగస్‌ల గోడలో ఉండే పదార్థాన్ని చూస్తుంది. అది చాలా నెమ్మదిగా దిగుతుంది. రోగి కోలుకుని ఇంటికెళ్లాక కూడా వారాల తరబడి పాజిటివ్ హద్దు అయిన 80 పైనే ఉండొచ్చు. ఇమ్యునోగ్లోబ్యులిన్, ఆల్బుమిన్ ఎక్కించినా, కొన్ని రకాల డయాలిసిస్ పొరల వల్లా పెరుగుతుంది. దాన్ని చూసి మందు ఆపడం, పొడిగించడం రెండూ తప్పే.

ప్రశ్న: మా తమ్ముడికి కిడ్నీ మార్పిడి జరిగి ఏడు నెలలైంది. ఊపిరితిత్తిలో ఫంగస్‌కు వొరికొనజోల్ 200 గోలీ రోజుకు రెండుసార్లు ఇస్తున్నారు. ఒక్క గోలీ కూడా తప్పలేదు. అయినా రక్తంలో మందు స్థాయి 0.4 అని వచ్చింది. ఎందుకిలా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: 0.4 చాలా తక్కువ. మిల్లీలీటరుకు కనీసం 1 మైక్రోగ్రామ్ ఉండాలి, 5.5 దాటకూడదు. ఈ సంఖ్యలు తర్వాతి గోలీకి సరిగ్గా ముందు తీసిన రక్తానికి వర్తిస్తాయి. రాత్రి ఎనిమిదికి గోలీ వేసుకుంటే పొద్దున ఎనిమిది గోలీ మింగకముందు, ఏడున్నర ప్రాంతంలో రక్తం ఇవ్వాలి. జరిగేదేమిటంటే, ఇంట్లో టైముకు గోలీ వేసుకుని, ట్రాఫిక్ దాటి తొమ్మిదిన్నరకు ల్యాబ్‌కు వస్తారు. అప్పుడు లేని స్థాయి ఉన్నట్టు కనిపిస్తుంది. అలా తీసినా మీకు 0.4 వచ్చిందంటే లోటు ఇంకా పెద్దది. పరీక్ష చీటీ మీద చివరి గోలీ ఎన్ని గంటలకు వేసుకున్నారో, రక్తం ఎన్నింటికి తీశారో రెండూ రాయించండి. ఆ రెండు టైములు లేని రిపోర్టుకు అర్థం లేదు.

తర్వాత చూడాల్సింది తిండి. వొరికొనజోల్ తినడానికి గంట ముందైనా, తిన్న గంట తర్వాతైనా వేసుకోవాలి. నెయ్యి వేసిన ఉప్మాతోనో దోశతోనో కలిపి వేసుకుంటే ఒంట్లోకి వెళ్లే మందు దాదాపు పావు వంతు తగ్గుతుంది. వాడే మందులన్నీ కడుపులో ఏదైనా పడ్డాకే వేసుకోవాలని మన ఇళ్లలో అలవాటు. ఇక్కడ ఆ అలవాటే దెబ్బతీస్తుంది.

మూడోది, మిగతా మందులు. రిఫాంపిసిన్, ఫెనిటాయిన్, కార్బమజెపిన్, ఫినోబార్బిటాల్ ఉంటే కాలేయం వొరికొనజోల్‌ను వచ్చింది వచ్చినట్టు విరిచేస్తుంది. ఊపిరితిత్తిలో మచ్చ కనిపిస్తే మొదట టీబీ మందులు మొదలుపెట్టడం మన దగ్గర తరచూ జరిగేదే. అందులో రిఫాంపిసిన్ ఉంటుంది. ఆపేశాక కూడా దాని ప్రభావం సుమారు రెండు వారాలుంటుంది. మీ తమ్ముడు ఈమధ్య టీబీ గోలీలు వాడి ఉంటే కారణం అక్కడే దొరకొచ్చు.

ఇవేవీ కాకపోతే పుట్టుకతో వచ్చిన తేడా. ఈ మందును విరిచే ఎంజైమ్ కొందరిలో చాలా చురుకు, కొందరిలో మందం. ఒకే మోతాదుకు ఒకరికి 0.4, ఇంకొకరికి 7 రావడం వింతేమీ కాదు. ఒంట్లో వాపు ఎక్కువగా ఉన్న రోజుల్లో స్థాయి పెరుగుతుంది, సీఆర్‌పీ (వాపును చూపే రక్తపరీక్ష) దిగేకొద్దీ అదే మోతాదుకు స్థాయి కూడా దిగుతుంది. అందుకే ఒకసారి బాగుందని వదిలేయకూడదు. మొదటి పరీక్ష సుమారు ఐదో రోజున, మోతాదు మార్చిన ప్రతిసారీ మళ్లీ ఐదు రోజులకు చేయించాలి. ఇంజెక్షన్ నుంచి గోలీకి మారినా, కొత్త మందు చేరినా, లివర్ ఎంజైములు పెరిగినా ఇంకోసారి చూడాలి.

స్థాయి 5.5 దాటితే లేనివి కనబడటం, తికమక, లివర్ దెబ్బతినడం ఉంటాయి. గోలీ వేసుకున్న అరగంటకు వెలుతురు మిలమిల్లాడి, రంగులు మారినట్టు అనిపించి, గంటలో సర్దుకుంటే అది మందు సహజ లక్షణం. దానికి ఆపనక్కర్లేదు, ఆ సమయంలో బండి మాత్రం నడపకూడదు.

మీ తమ్ముడి విషయంలో అన్నిటికన్నా ముఖ్యం టాక్రోలిమస్, అంటే మార్చిన కిడ్నీని ఒళ్లు తిరస్కరించకుండా వాడే మందు. వొరికొనజోల్ మొదలైనప్పుడు దాన్ని సుమారు మూడో వంతుకు దించుతారు. ఇప్పుడు వొరికొనజోల్ పెంచితే టాక్రోలిమస్ ఇంకా ఎక్కుతుంది, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే పరీక్ష) పెరుగుతుంది, కిడ్నీ పాడవుతోందని ఇంటిల్లిపాదీ హడలిపోతారు. రేపు వొరికొనజోల్ ఆపినప్పుడు ఉల్టా జరుగుతుంది. టాక్రోలిమస్ పడిపోయి, మార్చిన కిడ్నీని ఒళ్లు తిరస్కరించే ప్రమాదం వస్తుంది. కాబట్టి ఒక మందు కదిలినప్పుడల్లా రెండో మందు స్థాయి కూడా రెండు మూడు రోజులకోసారి చూడాలి. ఫంగస్ డాక్టర్ రాసిన మార్పు కిడ్నీ డాక్టర్‌కు అదే రోజు తెలియాలి.

మిగతా ఫంగస్ మందుల గురించి ఒక చిన్న సంగతి. పోసకొనజోల్‌కు తిండి నియమం దీనికి సరిగ్గా ఎదురు, అన్నంతోనే వేసుకోవాలి. ఇట్రాకొనజోల్ క్యాప్సూల్‌కు తిండీ కావాలి, కడుపులో ఆమ్లమూ కావాలి, ప్యాంటోప్రజోల్ (ఆమ్లం తగ్గించే గోలీ) వాడేవాళ్లకు సరిగా ఎక్కదు. ఇసావుకొనజోల్‌కు మామూలుగా స్థాయి పరీక్ష అవసరం ఉండదు.

ప్రశ్న: అమ్మకు షుగర్, పైగా స్టెరాయిడ్లు. ముక్కులో బ్లాక్ ఫంగస్‌కు ఆపరేషన్ చేశారు, యాంఫోటెరిసిన్ అనే ఫంగస్ మందు ఎక్కిస్తున్నారు. గెలాక్టోమానన్ రెండుసార్లూ నెగటివ్. తగ్గినట్టేనా?
– ఒక పాఠకురాలు, మెహిదీపట్నం

జవాబు: కాదు. బ్లాక్ ఫంగస్, అంటే మ్యూకర్, గెలాక్టోమానన్‌లోనూ బీటా డి గ్లూకాన్‌లోనూ కనిపించదు. జబ్బు ముదురుతున్నా ఈ రెండూ నెగటివ్‌గానే ఉంటాయి. 2021 మే నెలలో తెలంగాణ ప్రభుత్వం ఈ జబ్బును తప్పనిసరిగా తెలియజేయాల్సిన వ్యాధుల్లో చేర్చి, కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రిని నోడల్ కేంద్రం చేసిన రోజుల్లోనూ దీన్ని కనిపెట్టుకున్నది ముక్కు ఎండోస్కోపీతోనూ స్కాన్‌తోనే.

ఎండోస్కోపీలో గులాబీ రంగులో ఉండి, తాకితే రక్తం చిమ్మే పొర బతికున్న పొర. తెల్లగానో నల్లగానో మారి, గీకినా రక్తం రాకపోతే చచ్చిన కండ, అది మళ్లీ తీసేయాలి. ఆపరేషన్ తర్వాత ముక్కులో పక్కులు కట్టడం మామూలే, ప్రతి నల్ల పక్కూ ఫంగస్ కాదు. ఇంట్లో మీరు చూడాల్సినవి వేరు: చెంప మొద్దుబారడం, రెండుగా కనిపించడం, కనురెప్ప వాలడం, అంగిట్లో నల్ల మచ్చ, పళ్లు కదలడం. వీటిలో ఏది కొత్తగా వచ్చినా మర్నాటి దాకా ఆగొద్దు. కాంట్రాస్ట్ ఎంఆర్‌ఐ మొదట్లో వారానికోసారి తీయొచ్చు. ఆపరేషన్ తాలూకు వాపు కూడా అందులో కనిపిస్తుంది కాబట్టి ఎండోస్కోపీతో కలిపే చదవాలి.

యాంఫోటెరిసిన్ లెక్క ఇది. లైపోసోమల్ రకం కిలోకు 5 మిల్లీగ్రాములైతే 60 కిలోలకు 300 మిల్లీగ్రాములు, అంటే 50 మిల్లీగ్రాముల సీసాలు ఆరు. దీన్ని 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లోనే కలపాలి. మామూలు సెలైన్ తగిలితే మందు విరిగిపోతుంది, కాబట్టి మందుకు ముందూ తర్వాతా లైన్‌ను కూడా డెక్స్‌ట్రోజ్‌తోనే కడగాలి. షుగర్ ఉన్నవాళ్లకు ఆ డెక్స్‌ట్రోజ్‌తో షుగర్ పెరుగుతుంది. మందు ఎక్కుతున్న గంటల్లో ఇన్సులిన్ సర్దకపోతే ఫంగస్‌కు మేత వేసినట్టే. గుండె, కిడ్నీ తట్టుకోగలిగితే మందుకు ముందు అర లీటరు నుంచి లీటరు మామూలు సెలైన్ విడిగా ఎక్కించడం కిడ్నీకి రక్ష.

క్రియాటినిన్, పొటాషియం, మెగ్నీషియం రోజూ లేదా రోజు విడిచి రోజు చూడాలి. పొటాషియం ఎంత ఎక్కించినా నిలవడం లేదంటే మెగ్నీషియం తక్కువై ఉంటుంది, ముందు దాన్ని సర్దాలి. పిక్కలు పట్టేయడం, కాళ్లు లాగేసినట్టు నీరసం, గుండె దడ వస్తే పొటాషియం పడిందని అనుమానించండి. కొబ్బరి బొండాంతో ఈ లోటు పూడదు. షుగర్ ఉన్న మీ అమ్మగారికి అదో అదనపు గొడవ కూడా.

ప్రశ్న: మా బాబుకు లుకేమియా. రక్తంలో క్యాండిడా అనే ఫంగస్ వచ్చింది. మందు పడ్డ మూడో రోజే జ్వరం పోయింది. అయినా మాటిమాటికీ బ్లడ్ కల్చర్ తీస్తున్నారు, ఛాతీలోని లైన్ (మందులెక్కించే గొట్టం) తీసేశారు, కళ్ల డాక్టర్‌ను పిలిచారు. ఇదంతా అవసరమా?
– ఒక తల్లి, రెడ్‌హిల్స్

జవాబు: అవసరమే అమ్మా. క్యాండిడాలో చికిత్స రోజులు లెక్కపెట్టేది జ్వరం పోయిన రోజు నుంచి కాదు, మందు మొదలైన రోజు నుంచీ కాదు. మొదటిసారి నెగటివ్ వచ్చిన కల్చర్ తీసిన రోజు నుంచి. 3న, 5న తీసినవి పాజిటివ్, 7న తీసింది నెగటివ్ అయితే 7 నుంచి పద్నాలుగు రోజులు, అంటే 21 దాకా. నెగటివ్ అని ఖాయం చేయడానికి ల్యాబ్‌కు ఐదు రోజుల దాకా పడుతుంది. ఆ రోజు ఏదో తెలియాలంటే రోజూ లేదా రోజు విడిచి రోజు తీయక తప్పదు. ఆలోగా కౌంట్ లేవకపోతే మందు ఇంకా సాగుతుంది.

లైన్ గొట్టానికి క్యాండిడా జిగురు పొరలా పట్టుకుంటుంది, మందు ఆ పొర లోపలికి సరిగా దిగదు. లైన్ ఉంచి కల్చర్లు పాజిటివ్‌గానే వస్తూంటే తప్పు మందుది కాదు. కంటి లోపలి పొరలో క్యాండిడా చేరితే మందూ, మందు వాడే రోజులూ మారతాయి. కౌంట్ లేనప్పుడు కంట్లో మచ్చలు బయటపడకపోవచ్చు, కౌంట్ లేచిన వారంలోపు ఇంకోసారి చూపించమని అడగండి. కౌంట్ లేచాక జ్వరం తిరిగొచ్చి, కుడి పక్కటెముకల కింద నొప్పి, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (కాలేయం, ఎముకల నుంచి వచ్చే ఎంజైమ్) పెరగడం ఉంటే కాలేయం, ప్లీహంలో క్యాండిడా కోసం స్కాన్ తీస్తారు. అది తగ్గడానికి నెలలు పడుతుంది.

ప్రశ్న: హెచ్‌ఐవీ ఉన్న మా బంధువుకు క్రిప్టోకాకస్ అనే ఫంగస్‌తో మెదడువాపు వచ్చి రెండు నెలలు. ఆరోగ్యం బాగుంది కానీ రక్తంలో యాంటిజెన్ ఇంకా పాజిటివ్.
– ఒక పాఠకుడు, ఎల్బీనగర్

జవాబు: ఉంటుంది, నెలల తరబడి ఉంటుంది. చచ్చిన ఫంగస్ పైపొర కూడా ఆ పరీక్షకు చిక్కుతుంది. దాన్ని మళ్లీ మళ్లీ చేయించొద్దు. వెన్నునీటిలో ఇండియా ఇంక్ అనే సిరా కలిపి మైక్రోస్కోప్‌లో చూస్తే కనిపించే కణాలు కూడా చచ్చినవి కావచ్చు. లెక్కలోకి తీసుకోవాల్సింది వెన్నునీటి కల్చర్ ఒక్కటే, రెండు వారాల చికిత్స తర్వాత అది నెగటివ్ రావాలి. తలనొప్పి పెరిగితే, చూపు మసకబారితే మొదట వెన్నునీటి ఒత్తిడి కొలవాలి. 25 సెంటీమీటర్లు (నీటిమట్టం లెక్క) దాటితే నీరు తీసి 20 కిందికో సగానికో దించాలి, అవసరమైతే రోజూ.

ఫ్లూకొనజోల్ 800 మిల్లీగ్రాములు ఎనిమిది వారాలు, తర్వాత 200. అలా కనీసం ఏడాది, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ లెక్క) అణిగి సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) వంద దాటేదాకా. హెచ్‌ఐవీ మందులను నాలుగు నుంచి ఆరు వారాలు ఆలస్యంగా మొదలుపెట్టడం కావాలని చేసే పనే. ముందే మొదలుపెడితే తిరిగొచ్చిన రోగనిరోధక శక్తి మెదడులో వాపు తెస్తుంది.

ప్రశ్న: న్యుమోసిస్టిస్ అనే ఫంగస్‌తో వచ్చిన న్యుమోనియాకు కోట్రైమోక్సజోల్ మొదలై నాలుగు రోజులు. ఆయాసం ఇంకా పెరిగింది.
– ఒక పాఠకుడు, బోడుప్పల్

జవాబు: మొదటి మూడు నుంచి ఐదు రోజుల్లో పెరగడం ఉంటుంది, స్టెరాయిడ్ కలిపేది దానికోసమే. మందు విఫలమైందని కనీసం నాలుగు నుంచి ఎనిమిది రోజులు చూడకుండా అనరు. ఎక్స్‌రే ఇంకా ఆలస్యంగా తేరుకుంటుంది. పెద్ద మోతాదు కోట్రైమోక్సజోల్‌తో పొటాషియం పెరుగుతుంది, కాబట్టి బొండాలు, అరటిపళ్లు ఇప్పుడు ఇవ్వకండి.

ప్రశ్న: ఆస్పర్‌జిల్లస్ మందు ఎప్పుడు ఆపుతారు? మచ్చ పూర్తిగా పోవాలా?
– ఒక పాఠకురాలు, వనస్థలిపురం

జవాబు: పోనక్కర్లేదు. కనీసం ఆరు నుంచి పన్నెండు వారాలు వాడాలి, మచ్చ తగ్గి నిలవాలి, ఒంట్లో శక్తి తిరిగి రావాలి. సగానికి తగ్గితే పాక్షిక స్పందన అంటారు. చివరికి మిగిలే గీత లాంటి మచ్చ పుండు మానిన గుర్తు మాత్రమే. అయితే ఆపిన నెలకో రెండు నెలలకో మళ్లీ కీమో ఉంటే, కౌంట్ పడకముందే నివారణ మోతాదులో మందు తిరిగి మొదలవ్వాలి. కీమో తేదీ ఖాయం కాగానే ఈ సంగతి మీరే గుర్తు చేయండి, రెండు విభాగాల మధ్య జారిపోయే మాట ఇదే.

ప్రశ్న: వొరికొనజోల్ వాడుతూ ఎనిమిది నెలలైంది. ఎండలోకి వెళ్తే ముఖం మండుతోంది, చేతివేళ్ల ఎముకలు నొప్పి.
– ఒక పాఠకుడు, నల్లగొండ (హైదరాబాద్‌లో చికిత్స)

జవాబు: ఈ రెండిటికీ ఈ మందే కారణం కావచ్చు. వొరికొనజోల్ వాడుతున్నవాళ్ల చర్మం ఎండను తట్టుకోదు. పొడుగు చేతుల చొక్కా, టోపీ, సన్‌స్క్రీన్ వాడాలి. నెలలు, ఏళ్ల తరబడి వాడినచోట చర్మ క్యాన్సర్ కూడా కనిపించింది, కాబట్టి మానని పుండు, గరుకు మచ్చ ఉంటే చర్మ వైద్యుడికి చూపించండి.

ఎముకల నొప్పి సంగతి ఫ్లోరైడ్ నీళ్ల బాధ ఎరిగిన మీ జిల్లావాళ్లకు త్వరగా అర్థమవుతుంది. ఈ మందు అణువులో ఫ్లోరిన్ ఉంది. ఎక్కువ కాలం వాడితే రక్తంలో ఫ్లోరైడ్ పెరిగి ఎముకల పైపొర ఉబ్బి నొప్పి పుడుతుంది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరగడం, ఎక్స్‌రేలో ఎముక అంచులు గరుగ్గా కనిపించడం దీని ఆనవాళ్లు. లివర్ పరీక్షలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఒక్కటే పెరిగితే లివర్ మీదికి నెట్టేస్తుంటారు, ఎముకల నొప్పి సంగతి మీరు చెబితేనే డాక్టర్‌కు ఈ దారి తడుతుంది. ఊళ్లో బోరునీళ్లు తాగి పెరిగారా అన్నది కూడా చెప్పండి. మందును ఇసావుకొనజోల్‌కో పోసకొనజోల్‌కో మారిస్తే నొప్పి చాలామందికి కొద్ది వారాల్లోనే తగ్గిపోతుంది.